తొట్టెల పక్కన దేవులాట

ఇంట్లో బిడ్డ పుట్టిందా? ఇంకేం, మిమ్మల్ని మీరు తెలుసుకోవడానికి ఇంతకు మించిన అదను దొరకదు. ఇంటిల్లిపాదీ బిడ్డనే చూస్తుంటారు కాబట్టి మిమ్మల్ని ఎవరూ చూడరు. ఎవరూ చూడని మనిషి తనను తాను తీరిగ్గా చూసుకోవచ్చు. ఈ సలహాలు తండ్రుల కోసం. తల్లులు చదివితే నాకేం అభ్యంతరం లేదు గానీ, వాళ్ళకు తీరిక ఎక్కడిది?

మాది నల్లగొండ. సర్కారు బడిలో లెక్కలు చెప్తాను. మా ఆమెది పాలమూరు. పోయిన ఏప్రిల్‌లో మాకు బిడ్డ పుట్టింది. ఈ తొమ్మిది నెలల్లో పుస్తకాలు పట్టుకుని, గుళ్ళూ గుట్టలూ పట్టుకుని తిరిగి నేను గడించిన అనుభవం కొత్తగా తండ్రులైన తమ్ముళ్ళకు అక్కరకొస్తుందని పన్నెండు చిట్కాలు రాసిపెట్టుకున్నాను. వాటిలో నాలుగైదు ఉన్న కాగితాన్ని పాప నమిలి మింగబోతే మా అమ్మ నోట్లో వేలు పెట్టి తీసింది. అవి పోయినట్టే. మిగిలినవాటి వరుస తప్పితే ఏమనుకోకండి, మా ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు. నాకు ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

మొదటిది సెలవు. కాన్పుకు సర్కారు ఆడ ఉద్యోగికి 180 రోజులు ఇస్తుంది, మగ ఉద్యోగికి 15 రోజులు. సరిగ్గా పన్నెండో వంతు. ఇదేం న్యాయమని మొదట నాకూ మనసు చివుక్కుమంది. తర్వాత లెక్క తెలిసింది. ఆమె 180 రోజుల్లో సెలవు ఒక్క పూటా లేదు. మన 15 రోజులు మాత్రం అచ్చంగా సెలవే. దాన్ని పాడుచేసుకోవద్దు.

తొలి కాన్పు తల్లిగారింట్లో కాబట్టి ఆ 15 రోజులూ పాలమూరులో గడిపాను. అట్టపెట్టె నిండా పుస్తకాలు కట్టుకుని బస్సు దిగాను. అల్లుడికి వసారాలో కుర్చీ వేస్తారు. ఇది గుర్తుపెట్టుకోండి, కుర్చీ వేసిన మనిషి చేతికి బిడ్డను ఎవరూ ఇవ్వరు. చాయ్ ఇస్తారు. చదువుకోవడానికి అంత మంచి చోటు నేను ఏ గ్రంథాలయంలోనూ చూడలేదు.

వసారాకు ఎదురుగా పెరడు. పొద్దున పదింటికి మా అత్తమ్మ చిన్న పీట వేసుకుని, చీర మోకాళ్ళ దాకా జరుపుకుని, కాళ్ళు చాపి కూచునేది. ఆమె పిక్కల మీద బిడ్డ. గంగాళంలో నీళ్ళ వేడి అరచేత్తో కాదు, మోచేత్తో చూసేది. బోర్లా వేస్తే బిడ్డ ముఖం సరిగ్గా రెండు పాదాల సందులోకి వచ్చేది, ఊపిరాడేంత సందు. తల మీద పోసేటప్పుడు ఎడమ అరచేతిని నుదుటికి చూరులా పెట్టి కుడిచేత్తో చెంబు వంచేది. చూరు మీది వాన పక్కలకు జారినట్టు నీళ్ళు చెవుల పక్కనుంచి జారిపోయేవి, చుక్క కూడా కంట్లో పడేది కాదు. ఆఖరు చెంబు నీళ్ళు బిడ్డ చుట్టూ తిప్పి పక్కకు పారబోసేది. తర్వాత సాంబ్రాణి పొగ, జుట్టు ఆరబెట్టడం, అరికాలిలో కాటుక చుక్క. ఆ పొగ వాసనకే బిడ్డ కళ్ళు మూతలు పడేవి. ఇదంతా ఇంత వివరంగా ఎట్లా చెప్తున్నానంటే, ఆ సమయంలో నేను ఏకాగ్రత మీద ఒక అధ్యాయం చదువుతున్నాను. పదిహేను రోజుల్లో ఆ అధ్యాయం పూర్తి కాలేదు.

ఇంట్లో ఏడుపు ఎక్కువైతే పిల్లలమర్రికి పొండి. పాలమూరు ఊరికి దగ్గరే. (సూర్యాపేట దగ్గర ఇంకో పిల్లలమర్రి ఉంది, పినవీరభద్రుడి పిల్లలమర్రి. అక్కడ కాకతీయుల కాలం నాటి గుళ్ళున్నాయి. తెలియక అటు బస్సెక్కితే పొద్దు గూకుతుంది. నిజం చెప్పాలంటే అదీ మంచిదే.) పాలమూరు మర్రిలో ఏది మొదలో ఏది ఊడో చూసి చెప్పలేం. ఎకరాల మేర పాకిన ఆ నీడలో కూచుని ‘నేనెవరు’ అన్న ప్రశ్న వేసుకోవాలని పోయాను. ఆ చెట్టుకు చెదలు పడితే 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. అప్పట్లో పేపర్లో ఫొటో చూసి నవ్వుకున్నాం. ఇప్పుడు దాని కింద కూచుంటే కాన్పు నాడు మా ఆమె చేతికి గుచ్చి ఉన్న సూది, దాని చుట్టూ కమిలిన చర్మం కళ్ళ ముందుకు వచ్చాయి. వెంటనే పుస్తకం తెరిచి ఆ ఆలోచన తరిమేశాను. మనసు చలించకుండా ఉండడమే కదా సాధన.

ఏ పుస్తకాలు చదవాలి? మన రెండు జిల్లాలకూ చదువు కొత్తేం కాదు. నల్లగొండ నుంచి 1922లోనే నీలగిరి పత్రిక వచ్చింది. ‘తెలంగాణలో కవులు లేరు’ అన్నవాళ్ళ నోరు మూయించడానికి పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. ఆ 354 మందిలో ఎందరు తొట్టెల ఊపారో ఆ సంచికలో రాయలేదు. రాయని దాన్ని బట్టి మనకు అనుకూలంగా అనుకోవచ్చు.

చలం సంగతి వేరు. ఆయన ‘బిడ్డల శిక్షణ’ రాశాడు, తర్వాత 1950లో అరుణాచలం వెళ్ళి రమణాశ్రమం దగ్గర ఉండిపోయాడు. ముందు బిడ్డలు, ఆ తర్వాత భగవంతుడు. మనకు తొందర ఎక్కువ కాబట్టి మొదటి మెట్టు వదిలేసి నేరుగా రెండో మెట్టు ఎక్కవచ్చు. నేను అట్లాగే చేశాను. ఒకే ఒక్క ఇబ్బంది. ఆయన అరుణాచలం పోయినప్పుడు కూతురు సౌరిస్‌ను వెంటబెట్టుకునే పోయాడు. ఈ సంగతి ఇంట్లో చెప్పకండి.

ఇక భగవద్గీత. చేతిలో ఇమిడే చిన్న గీత ఒకటి జేబులో ఉంటే ఎవరూ పని చెప్పరు. దీన్ని తల్లులకు కూడా పనికొచ్చేలా నేనొక పద్ధతి కనిపెట్టాను. పసిబిడ్డ రోజుకు ఎంత తక్కువన్నా ఎనిమిది సార్లు పాలు తాగుతుంది. గీతలో శ్లోకాలు 700. పాలు తాగినప్పుడల్లా ఒక శ్లోకం చదివితే 88 రోజుల్లో, అంటే బిడ్డకు మూడు నెలలు నిండేలోపు పద్దెనిమిది అధ్యాయాలూ అయిపోతాయి. ఈ లెక్కను తెల్ల కాగితం మీద గళ్ళు గీసి, రంగు పెన్నుతో రాసి, మంచం పక్క గోడకు అతికించాను. మా ఆమె బిడ్డను భుజాన వేసుకుని తేన్పు కోసం వీపు తడుతూ దాన్ని చాలాసేపు చూసింది.

“మంచిగనే ఉంది” అన్నది. “కాని గీత చెప్పినాయన చేతుల పగ్గాలు పట్టుకోని చెప్పిండు. మీ చేతుల ఏమున్నది?”

పెన్ను ఉంది. ఆ మాటే చెప్పాను. వినిపించుకోలేదు.

ఐదో నెలలో తల్లీబిడ్డలు నల్లగొండ వచ్చారు. ఇక్కడ మా అమ్మ ఉంటుంది. చదువుకోలేదు. ఒకనాడు నేను కళ్ళు మూసుకుని కూచుంటే ఏం చేస్తున్నావని అడిగింది. నన్ను నేను వెతుక్కుంటున్నానమ్మా అన్నాను. “నిన్ను నువ్వు దేవులాడుకునుడేందిరా? ఈడనే కూసున్నవు గద. జర పిల్లను పట్టు, కూరల ఉప్పేసి వస్త.” తత్త్వం తెలియని వాళ్ళతో వాదనకు దిగొద్దు. బిడ్డను పట్టుకున్నట్టే పట్టుకుని ఫోను వచ్చిందని బయటికి పొండి. ఇది ఎన్నో చిట్కానో మరిచిపోయాను.

రాత్రి నిద్ర గురించి. తొట్టెల ఉన్న ఇంట్లో మగవాడికి నిద్ర పట్టదు. చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుడి దగ్గర అమాస నాడు జనం రాత్రి నిద్ర చేస్తారు. మొక్కు బిడ్డ పేరు మీద మొక్కుకోండి, నిద్ర మీరు పొండి. నెలకో అమాస ఎట్లాగూ ఉంది. ఇంట్లో కాదనలేరు, ఎందుకంటే మొక్కు బిడ్డది.

అయితే ఒక్క రాత్రితో తెల్లవారేది కాదు కదా ఈ సాధన. అందుకే కార్తీకం వచ్చేసరికి అయ్యప్ప మాల వేసుకున్నాను. 41 రోజులు. ఏం వెసులుబాటండీ! నేల మీద పడక కాబట్టి గది వేరు. మడి కాబట్టి వంట వేరు. బిడ్డ ముడ్డి కడగొద్దని గురుస్వామి చెప్పలేదు, నేనే అంత నిష్ఠ పెట్టుకున్నాను. దీక్షలో ఆడవాళ్ళందరినీ ‘మాతా’ అనాలి. మొదటి రోజు పొద్దున పూజ అయ్యాక మా ఆమెను అట్లాగే పిలిచాను. “మాతా, కాస్త మంచినీళ్ళు.”

“మాతనే అయిన గద స్వామీ, ఏడు నెలలైంది. మీకు ఇయ్యాల తెలిసిందా?”

దీక్ష నియమాలు కఠినంగా ఉంటాయి. తెల్లవారుజామున నాలుగింటికి చన్నీళ్ళ స్నానం. నేను లేచేసరికి ఆమె అప్పటికే లేచి ఉండేది. లేవడం అనకూడదేమో, పడుకోలేదు. నాకు మధ్యాహ్నం భిక్ష ఒక్క పూట. ఆమెదీ ఒక్క పూటే, రెండో పూట కంచం ముందు కూచోగానే బిడ్డ లేచేది. నేను 41 రోజులు చెప్పులు వేసుకోలేదు. ఆమె ఆ 41 రోజుల్లో గడప దాటింది రెండుసార్లో మూడుసార్లో. తేడా ఎక్కడంటే, గల్లీలో నన్ను చూసి నాన్న వయసు పెద్దమనిషి కూడా ‘స్వామి శరణం’ అని వంగి దండం పెట్టాడు. నల్లబట్టలకు ఆ గౌరవం ఉంది. పాలు కక్కిన నైటీకి లేదు. కాబట్టి తమ్ముళ్ళూ, ఏ సాధన చేసినా పైకి కనిపించే బట్టలతో చేయండి.

మాల తీసిన తర్వాత ధ్యానం. నల్లగొండలో దీనికి పానగల్లును మించింది లేదు. ఛాయాసోమేశ్వరాలయంలో మూడు గర్భగుళ్ళు ఒకే మండపంలోకి తెరుచుకుంటాయి. వాటిలో ఒకదాంట్లో స్తంభంలాంటి నీడ ఒకటి పొద్దంతా పడి ఉంటుంది. పొద్దు ఎటు తిరిగినా అది జరగదు. అది ఏ ఒక్క స్తంభం నీడా కాదనీ, స్తంభాల మధ్యనుంచి వచ్చే వెలుగులన్నీ కలిసి అట్లా మిగిల్చిన చీకటనీ చెప్తారు. ఆత్మ అంటే ఇదే కదా అనిపించి, దాని ఎదురుగా కూచోవాలని ఒక సెలవు రోజు బయల్దేరాను. “అయితే బిడ్డను గూడ తీస్కపోండ్రి, రెండు గంటలు పండుకుంట” అన్నది మా ఆమె. ఇక్కడే తప్పు జరిగింది.

మండపంలో బిడ్డను పక్కన కూచోబెట్టి కళ్ళు మూసుకున్నాను. నేనెవరు, నేనెవరు అనుకుంటూ ఎంతసేపు ఉన్నానో. కళ్ళు తెరిస్తే పక్కన బిడ్డ లేదు. ఒక్క దుప్పటి ఉంది. ఆ క్షణంలో నా కాళ్ళు నేల మీద లేవు. చూస్తే మండపం అంచున, ఎండ పడే చోట, తన నీడను తానే అరచేతులతో చరుస్తూ కూచుంది. చరిచిన కొద్దీ నీడా చేయి ఎత్తుతోందని దానికి ఒకటే నవ్వు. గుడి ఊడ్చే ముసలామె, బిడ్డ మెట్టు మీదనుంచి పడకుండా కాలు అడ్డం పెట్టి నిలబడింది.

“ఈ పిల్ల మీదేనా సారూ?” అన్నది.

నేనెవరో అప్పటిదాకా తేల్చుకోలేని వాణ్ణి, ఈ ప్రశ్నకు మాత్రం టక్కున జవాబు చెప్పాను. అందుకే చెప్తున్నాను, ధ్యానానికి బిడ్డను తీసుకుపోవద్దు. తేలిక ప్రశ్నలు అడ్డం వచ్చి పెద్ద ప్రశ్నను చెడగొడతాయి.

అన్నిటికంటే పెద్ద చిట్కా నాగార్జునసాగర్‌లో దొరికింది. 2022లో అక్కడ బుద్ధవనం తెరిచారు, 270 ఎకరాల పైమాటే. పోయే ముందు కాస్త చదువుకుని పోదామని బుద్ధుడి జీవితం, నాగార్జునకొండ చరిత్ర కలిపి ఉన్న లావుపాటి పుస్తకం ఒకటి లైబ్రరీ నుంచి తెచ్చాను. మన దారికి మూలపురుషుడు ఆయనే. కొడుకు రాహులుడు పుట్టిన రాత్రే ఇల్లు విడిచాడని కొందరు, ఏడో రోజున అని కొందరు. బిడ్డ పేరుకే బంధం అని అర్థం చెప్తారు. పాతకాలపు బౌద్ధ శిల్పులు ఈ ఘట్టంలో మనిషిని చెక్కేవాళ్ళు కాదు. రౌతు లేని గుర్రం, దాని పైన గొడుగు, అంతే. ఇల్లు విడిచిన తండ్రిని ఇంత మర్యాదగా ఎవరూ చూపించి ఉండరు. ఆ గుర్రం దగ్గరికి వచ్చేసరికి 31వ పేజీ అయింది. అక్కడ పాలమూరు బస్సు టికెట్టు గుర్తుగా పెట్టి పుస్తకం మూశాను. అంతకు మించి చదవడానికి ఏముంటుంది?

ఆదివారం తెల్లవారకముందే బండిని స్టార్ట్ చేయకుండా గల్లీ చివరిదాకా తోసుకుపోయి అక్కడ కిక్కు కొట్టాను. సిద్ధార్థుడి గుర్రం కంథకం గిట్టల చప్పుడు వినబడకుండా దేవతలు అరచేతులు పట్టారట. నా బండికి కుక్కలు వెంటపడ్డాయి. పొద్దంతా సాగర్ గాలి పీల్చి, స్తూపం చుట్టూ తిరిగి, చేపల వేపుడు తిని (మధ్యేమార్గం), సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరాను. గడపలోనే మా ఆమె బిడ్డను నా చేతుల్లో పెట్టింది.

“నాయన వచ్చిండు బిడ్డా, నీ వాటా అడుగు.”

వాటా ఏమిటో చొక్కా తడిసిన తర్వాత తెలిసింది. ఆ మాట ఎక్కడిదో మాత్రం అప్పుడు నాకు తట్టలేదు.

ఆఖరు చిట్కా, పుస్తకంలో తప్పకుండా గుర్తు పెట్టుకోండి. ఎక్కడిదాకా వచ్చామో తెలియకపోతే సాధన ముందుకు సాగదు. దీనికి రుజువుగా మొన్నటి సంగతి చెప్పి ముగిస్తాను.

తొమ్మిది నెలలు నిండాయి. బిడ్డకు తట్టు, రుబెల్లా టీకా వేయించాలి. కార్డు లేదు. పుట్టిన నాడు వేసినవి, ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసినవి అన్నీ దాని మీదే రాసి ఉంటాయట. నాకు ఆ వారాల లెక్క అప్పుడే తెలిసింది. బీరువా, పరుపు కింద, బియ్యం డబ్బా వెనుక, నా పూజ పీట కింద. ఇల్లంతా దేవులాడినం. “దేవులాడుడు నీకు అలవాటే గదరా, చూడు” అన్నది మా అమ్మ.

మా ఆమె వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, “అయ్యో, మరిచేపోయిన” అని నా బల్ల మీది లావుపాటి పుస్తకం తీసింది. నా టికెట్టు 31వ పేజీలో కొద్దిగా అంచు బయటికి వచ్చి అట్లాగే ఉంది. టీకాల కార్డు 212లో ఉంది. మధ్యలో పేజీల అంచుల మీద కాటుక వేలిముద్రలు, అక్కడక్కడా తడిసి ఆరి గట్టిపడిన మరకలు, పాలవో ఉగ్గువో. లైబ్రరీ వాళ్ళు ఏమంటారో.

“ఎప్పుడు చదివినవ్?”

“రాత్రి పాలు తాగేటప్పుడు. ఫోను లైటు దాని కండ్లల్ల పడకుండ పైట అడ్డం పెట్టుకోని.”

“ఎన్ని రోజులు?”

“రోజులెక్కడియి. రాత్రులు.”

కార్డు తీసేముందు ఆ పేజీ నేనూ చూశాను. తండ్రులు చదవనక్కర్లేని పేజీ అది. మూడో శతాబ్దంలో నాగార్జునకొండ లోయలో విజయపురి అనే రాజధాని ఉండేదట. అక్కడి ఇక్ష్వాకు రాజుల పేర్ల ముందు తల్లుల గోత్రాల పేర్లుంటాయి, వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు అని. మా గల్లీలో ఎమ్మే చదివిన మా ఆమెను ‘బుజ్జి వాళ్ళమ్మ’ అంటారు. అప్పట్లో రాజులనే ఫలానా ఆమె కొడుకు అనేవాళ్ళన్నమాట. ఆ వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి అక్కడి మహాచైత్యాన్ని బాగు చేయించింది. ఆమె నిలబెట్టించిన స్తంభం మీద తాను ఎవరో చెక్కించుకుంది. ఫలానా రాజుకు తోబుట్టువు, ఫలానా ఆయనకు భార్య, ఫలానా కొడుకుకు తల్లి. ఆ వరుసలన్నీ చెప్పుకున్న తర్వాత, ఆ స్తంభం ఎందుకో కూడా చెప్పింది, రెండు కుటుంబాల మేలు కోసం, తన సొంత నిర్వాణం కోసం.

రెండు మాటలూ ఒకే రాయి మీద ఉన్నాయి. వరుసలు తెంచుకున్నట్టు అందులో లేదు. గుర్రమూ లేదు.

“సిద్ధార్థుడు మల్ల ఇంటికొస్తడు, తెలుసా?” అన్నది మా ఆమె బిడ్డకు టోపీ పెడుతూ. “కొడుక్కు ఏడేండ్లు వచ్చినంక. యశోధర పిల్లగాణ్ణి తోలిస్తది, పొయ్యి మీ నాయనను నీ వాటా అడుగు అని. నలభై ఆరో పేజీల ఉంది.”

నేనేమీ అనలేదు. టీకా సమయం దాటిపోతోంది. కార్డు నర్సుకు చూపించాలి కాబట్టి 212లో గుర్తుకు ఏదో ఒకటి కావాలి. ఆమె 31వ పేజీ తీసి, నా బస్సు టికెట్టు లాగి, తన పేజీలో పెట్టుకుంది. బిడ్డను నా భుజానికెత్తి చెప్పులేసుకుంది.

“మీరు యాడిదాంక వచ్చిండ్రో యాదుంటది గద?”